ఆంగ్లము నేర్చిన తెలుగువారికి జర్మన్ భాషాభ్యాసము

ఉపోద్ఘాతము

పదునెనిమిదవ శతాబ్దిలో పుదుచ్చేరి పట్టణ వ్యవహారము చాలవరకు దుబాసీల చేతి మీదుగా నడచినది. డూప్లే కాలమున ప్రధాన దుబాసిగా నుండిన ఆనందరంగ పిళ్ళె (1709-1761) తమిళమున వ్రాసిన దినచర్య చరిత్రకారులకు పెన్నిధి. తెలుగు సాహిత్యమున కస్తూరి రంగకవి రచించిన ఆనందరంగరాట్ఛందము ఆయన పేరనే వెలసినది. దుబాసి యనగా ద్విభాషి. ఒకరి మాటను మరియొకరికి చేర్చువాడు. అతడు లేక వర్తకము సాగదు. కాని దుబాసి చెప్పినది మాత్రమే వినువాడు, అవతలివారు నిజముగా నేమనిరో ఎన్నడును స్వయముగా నెరుగజాలడు.

నేటి భారతీయ భాషాపండితులకును జర్మన్ పాండిత్యమునకును నడుమ ఆంగ్లము అట్టి దుబాసియై యున్నది. బోట్‌లింక్, రోట్ అను పండితులు 1855-1875 సంవత్సరముల మధ్య ఏడు సంపుటములుగా ప్రకటించిన సంస్కృత మహానిఘంటువు జర్మన్ భాషలో నున్నది. మోనియర్ విలియమ్స్ నిఘంటువు దానికి మిక్కిలి ఋణపడినది. వాకర్‌నాగెల్ 1896లో ప్రారంభించిన ప్రాచీన భారతీయ వ్యాకరణమును, మైర్‌హోఫర్ 1986-2001 మధ్య వెలువరించిన ప్రాచీన భారతీయార్య వ్యుత్పత్తి కోశమును జర్మన్‌లోనే చదువవలసి యున్నది. పిషెల్ ప్రాకృత వ్యాకరణమును సుభద్ర ఝా 1957లోను, హిల్లెబ్రాంట్ వైదిక పురాణశాస్త్రమును శ్రీరాముల రాజేశ్వర శర్మ 1980-81లోను ఆంగ్లీకరించి మహోపకార మొనర్చిరి. కాని ప్రతి గ్రంథమునకు నట్టి భాగ్యము పట్టదు.

తెలుగు పరిశోధకునకు ఇందు ప్రత్యేక ప్రయోజనము కూడ కలదు. పుదుచ్చేరికి దక్షిణమున అదే తీరమున నున్న తరంగంబాడికి జర్మన్ మతప్రచారకులు 1706లో వచ్చిరి. వారిలో బెంజమిన్ షుల్ట్‌జె తరువాత చెన్నపట్టణము చేరి 1728లో లాటిన్ భాషలో తెలుగు వ్యాకరణమును రచించెను. ఆ గ్రంథము హాలె నగరమున 1984లో గాని అచ్చు కాలేదు. ఈ ప్రచారకుల నివేదికలు 1710 మొదలు 1772 వరకు హాలెలో జర్మన్ భాషలో ప్రకటితములైనవి. నాటి తమిళాంధ్ర జనజీవనమును గూర్చిన ఈ సాక్ష్యమును పరుల ఉల్లేఖముల ద్వారా మాత్రమే తెలిసికొనుట పరిశోధకునకు చాలదు.

ఈ భాషను నేర్చుకొనదలచిన తెలుగు పండితుడు సాధారణముగా ఆంగ్ల పాఠ్యగ్రంథమునే చేత పట్టును. ఆ గ్రంథములు ఆంగ్లేయుని కష్టములను దృష్టియందుంచుకొని వ్రాయబడినవి. ఆంగ్లేయునకు విభక్తి క్రొత్త, లింగభేదము క్రొత్త, వాక్యాంతమున క్రియ నిలుచుట క్రొత్త. తెలుగువానికి ఇవి యేవియు క్రొత్తవి కావు. అయినను అతడు ఆంగ్లమందే ఆలోచించి, ఆంగ్లేయుని కష్టములన్నియు తనవిగా చేసికొనును. పదములను పోల్చుకొనుటకు ఆంగ్లము, రూపములను గ్రహించుటకు సంస్కృతము, వాక్యమును విప్పుటకు తెలుగు తోడ్పడునని ఈ వ్యాసమున నిరూపింపబడుచున్నది. ఏ తావున ఏ భాషను ఆశ్రయించి, ఏ తావున విడువవలెనో తెలియుటయే ఈ యభ్యాసమున ముఖ్యాంశము.

కెర్దూ పోలిక

ఈ మార్గమునకు పుదుచ్చేరియందే పూర్వదృష్టాంతము కలదు. ఫ్రెంచి జెసూట్ సన్న్యాసి గాస్తోన్ లోరాన్ కెర్దూ (1691-1779) తెలుగునాట పనిచేసి, తెలుగు, సంస్కృతములు నేర్చి, తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువును కూర్చెను. పుదుచ్చేరిలో చిరకాలము నివసించి అచ్చటనే మరణించెను. సంస్కృతమునకును లాటిన్, గ్రీకు భాషలకును గల సామ్యమును గూర్చి 1767లో ఆయన ఫ్రెంచి విద్వత్పరిషత్తునకు వ్రాసి పంపెను. జర్మన్, రష్యన్ భాషలతోడి పోలికను కూడ గుర్తించెను. వాణిజ్యము, ఇరుగుపొరుగు సంబంధము మొదలగు కారణములను విచారించి, అవి చాలవనియు, మూలైక్యమే ఈ సామ్యమునకు హేతు వనియు నిర్ణయించెను. విలియం జోన్స్ కలకత్తాలో 1786లో చేసిన ప్రసిద్ధోపన్యాసమునకు ఇది పందొమ్మిది యేండ్లు ముందటి మాట. కాని ఆ లేఖ 1808 వరకు అచ్చుకు నోచుకొనలేదు.

కెర్దూ భాషలను పోల్చిన తీరు అభ్యాసకునకు ఆదర్శము. ఆయన కంటికింపైన ఒకటి రెండు పదములతో తృప్తి చెందక, సంఖ్యావాచకములను, సర్వనామములను, క్రియారూపములను పరిశీలించెను. జర్మన్ నేర్చువాడును ఈ మూడింటితోడనే ఆరంభింపవలెను.

ధ్వనులు

జర్మన్ పదములను తెలుగు లిపిలో వ్రాయుట సంపూర్ణముగా సాధ్యము కాదు. అయినను తెలుగు వర్ణమాల కొన్ని తావుల ఆంగ్లముకంటె మేలైనది. ఆంగ్ల వర్ణమాలలోని కడపటి యక్షరము జర్మన్ భాషలో మన దంత్య చకారమువలె, అనగా చాప, చుక్క, చలి అను పదములలోని ౘ వలె పలుకును. తెలుగున ఈ ధ్వని దేశ్యపదములందు ఇకార ఎకారములకు ముందు రాదు. జర్మన్‌లో నెల్ల అచ్చులకు ముందును వచ్చును. పది యను నర్థముగల ౘేన్ అను పదమున తాలవ్య చకారము పలుకరాదు.

ఆంగ్లమున లేని రెండు ఊష్మధ్వనులు జర్మన్‌లో కలవు. అ, ఒ, ఉ లకు తరువాత వచ్చునది కంఠమూలమున పుట్టును. సంస్కృత శిక్షాగ్రంథములు చెప్పు జిహ్వామూలీయమునకు ఇది సమీపము. ఇ, ఎ లకు తరువాత వచ్చునది తాలవ్యము, శకారమునకు సన్నిహితము. ఈ వ్యాసమున మొదటిది ఖ గాను, రెండవది శ గాను సూచింపబడుచున్నవి. పుస్తకము బూఖ్, నేను ఇశ్. ఇక తెలుగున లేని అచ్చులు రెండు: ఈ అని పలుకుచు పెదవులను ఊ కారమునకువలె గుండ్రము చేసిన నొకటియు, ఏ అని పలుకుచు ఓ కారమునకువలె గుండ్రము చేసిన మరియొకటియు ఏర్పడును. వీనిని క్రింద యూ, యో అని వ్రాసినను యకారము పలుకరాదు.

తెలుగువారు మరి రెండు దోషములను పరిహరింపవలెను. మొదటిది ద్విత్వము. జర్మన్ వ్రాతలో జంటహల్లు ముందరి యచ్చు హ్రస్వమని తెలుపును గాని, హల్లును ఒత్తి పలుకుమని చెప్పదు. ప్రార్థించుట యను బిటెన్, ఇచ్చుటకు ముందుకు చాపుట యను బీటెన్ పదములకు భేదము అచ్చు మాత్రలోనే యున్నది, హల్లులో లేదు. రెండవది పదాంతము. తెలుగు పదము అజంతము కావున మనవారు హుండు, టాగు అని ఉత్వమును చేర్చుదురు. జర్మన్‌లో పదాంత నాదాక్షరము శ్వాసమగును: కుక్క హుంట్, దినము టాక్. వాగ్, వాక్ అను వికల్పమును ఎరిగిన సంస్కృతజ్ఞునకు ఇది వింత కాదు.

పదసామ్యము: ఆంగ్లము చేయు సాయము

ఆంగ్లము, జర్మన్ ఒకే జర్మానిక్ శాఖలోనివి. ఇంచుమించు పదునైదు వందల యేండ్ల క్రిందట జర్మన్ మాండలికములందు హల్లులు కొన్ని మారినవి; ఆంగ్లమున ఆ మార్పు జరుగలేదు. ఆ సూత్రములు కొలదివి. వానిని నేర్చినచో వందల పదములు తమంత తామే తెలియును.

ఆంగ్లమందలి పకారము జర్మన్‌లో ఊష్మమగును: షిప్ అనునది షిఫ్, స్లీప్ అనునది ష్లాఫెన్. టకారము పదాదిని ౘ, అచ్చు తరువాత స అగును: టూ ౘ్వై, టెన్ ౘేన్, వాటర్ వసర్, ఈట్ ఎసెన్. అచ్చు తరువాతి కకారము ఖ లేక శ అగును: బుక్ బూఖ్, మేక్ మఖెన్. లకారము తరువాతను ఇట్లే: మిల్క్ మిల్శ్. డకారము టకారమగును: డే టాక్, డ్రింక్ ట్రింకెన్. థకారము డకారమగును: త్రీ డ్రై, బ్రదర్ బ్రూడర్. పదమధ్యమందలి వకారము తరచుగా బకారమగును: గివ్ గేబెన్, సెవెన్ జీబెన్. ఆంగ్లమున వ్రాతలో మిగిలి ఉచ్చారణమున లోపించిన హల్లు జర్మన్‌లో వినవచ్చును: నైట్ నఖ్ట్, డాటర్ టొఖ్టర్.

వీనికి సంస్కృతమును జోడించినచో మూడు మెట్ల నిచ్చెన ఏర్పడును. సంస్కృత దకారము ఆంగ్లమున టకారమై, జర్మన్‌లో ౘ లేక స అయినది: ద్వి, టూ, ౘ్వై, దంత, టూత్, ౘాన్, అద్ ధాతువు, ఈట్, ఎసెన్. సంస్కృత తకారము ఆంగ్లమున థకారమై, జర్మన్‌లో డకారమైనది: త్రి, త్రీ, డ్రై, త్వమ్, దౌ, డూ. సంస్కృత ధకారము ఆంగ్లమున డకారమై, జర్మన్‌లో టకారమైనది: మధు, మీడ్, మేట్, విధవా, విడో, విట్వె. యాకోబ్ గ్రిమ్ 1822లో ఈ క్రమమును విశదీకరించెను. మొదటి మెట్టునకు తోచిన అపవాదములలో నొక ముఖ్యభాగమును కార్ల్ వెర్నర్ 1877లో ప్రకటించిన వ్యాసమున స్వరభేదముచే సమన్వయించెను.

సంస్కృతము కొన్నియెడల ఆంగ్లమును మించి ఉపకరించును. అస్తి, సంతి అను రూపములకు జర్మన్‌లో ఇస్ట్, జింట్ అనునవి నిలిచి యున్నవి. ఆంగ్లమున రెండవది నశించినది. విద్ ధాతువునకు వేద అను రూపము ఉత్తమపురుషకును ప్రథమపురుషకును ఏకవచనమున సమానము. జర్మన్‌లో వైస్ అను రూపమును అట్లే ఇరువురకును చెల్లును. విద్మ అను బహువచనమున గుణము లేనట్లే, జర్మన్‌లోను విసెన్ అని అచ్చు మారును. ఆంగ్ల వ్యాకరణములు దీనిని అపవాదముగా కంఠస్థము చేయుమనును. సంస్కృతజ్ఞునకు అది పరిచితరూపమే.

సంఖ్యలయందును ఇట్టిదే. ఇరువదియైదు అను తెలుగు, దానికి సమానమైన ఆంగ్లము పదుల స్థానమును ముందు చెప్పును. జర్మన్ ఫ్యూన్ఫ్-ఉంట్-ౘ్వాన్ౘిశ్ అనును. అనగా ఐదును ఇరువదియును. పంచవింశతి అని తలచుకొన్నచో పొరపాటు రాదు.

మోసపు పోలికలు

పోలిక కనబడినంతనే అర్థైక్యము నూహింపరాదు. జర్మన్‌లో గిఫ్ట్ అనగా కానుక కాదు, విషము. బెకొమెన్ అనగా అగుట కాదు, పొందుట. బ్రీఫ్ అనగా సంక్షిప్తము కాదు, లేఖ. ఫస్ట్ అనగా శీఘ్రము కాదు, ఇంచుమించు. అల్జో అనగా కూడ అని కాదు, కావున అని. శాస్త్రగ్రంథమున దీనిని తప్పుగా గ్రహించినచో నిగమనము కాస్తయు ఒక అదనపు విశేషముగా మారిపోవును. వేర్ అనగా ఎవరు, వో అనగా ఎక్కడ; ఆంగ్లపు అలవాటున నివి తారుమారగును. ఇశ్ విల్ అనగా భవిష్యత్తు కాదు, నాకు కావలెనని యర్థము.

పోలిక నిజమైనప్పుడును బంధుత్వము ఉండకపోవచ్చును. మిరియమునకు జర్మన్ పదము ప్‌ఫెఫర్. ఇది సంస్కృత పిప్పలీ శబ్దమునుండి గ్రీకు, లాటిన్ భాషల ద్వారా వర్తకపు త్రోవన పోయినది. పైన చెప్పిన ధ్వనిమార్పునకు ముందే చేరుటచే తానును పకారములను మార్చుకొన్నది. మూలైక్యమును వాణిజ్యమును వేరుపరచుటకు కెర్దూ చేసిన విచారమెంత యవసరమో ఈ యొక్క పదమే చాటును.

అర్థవ్యాప్తిలో ఆంగ్లము సంకుచితమై తెలుగే సరియగు తావులు కలవు. విసెన్‌షఫ్ట్ అను జర్మన్ పదమును ఆంగ్లేయులు సైన్స్ అని అనువదింతురు. కాని జర్మన్ పదము భౌతిక రసాయనములకే పరిమితము కాక వ్యాకరణ, చరిత్ర, ధర్మవిద్యలను కూడ కలుపుకొనును. శాస్త్రము అను మన పదమే దానికి సమానార్థకము. ష్ప్రాఖ్‌విసెన్‌షఫ్ట్ అనగా భాషాశాస్త్రము. ఈ పదమును ఆంగ్లము ద్వారా చదివి, భాషాధ్యయనము భౌతికశాస్త్రమువంటిదా కాదా యను వాదమునకు దిగుట, మూలమున లేని చిక్కును కల్పించుకొనుటయే యగును.

లింగము

జర్మన్ నామములకు మూడు లింగములు కలవు. చెంచా పుంలింగము, ముల్లుచెంచా స్త్రీలింగము, కత్తి నపుంసకము. బాలిక యను నర్థముగల మేట్శెన్ నపుంసకలింగము. ఆంగ్లేయుడు దీనికి నివ్వెరపోవును. భార్యా, దారాః, కలత్రమ్ అను మూడు పదములు ఒకే వ్యక్తికి వర్తించుచు వరుసగా స్త్రీ, పుం, నపుంసకములగుట చిన్ననాడే చదివిన వానికి నివ్వెరపాటు కూడదు. లింగము పదధర్మము గాని వస్తుధర్మము గాదు. తెలుగున మహదమహద్విభాగము అర్థము ననుసరించును గనుక, ఈ విషయమున తెలుగును విడిచి సంస్కృతమునే ఆశ్రయింపవలెను. కాని సంస్కృతపు లింగమును జర్మన్ పదమున కారోపింపరాదు. పుదుచ్చేరి విద్యార్థి ఫ్రెంచి నెరిగినచో ఆ లింగములను కూడ మరువవలెను: ఫ్రెంచిలో సూర్యుడు పుంలింగము, చంద్రుడు స్త్రీలింగము; జర్మన్‌లో సరిగా విపరీతము; సంస్కృతమున ఉభయము పుంలింగమే.

అమరకోశమున పదముతోడనే లింగము చెప్పబడినట్లు, జర్మన్ పదమును డెర్, డీ, డస్ అను ఉపపదముతో కలిపియే వల్లింపవలెను. ప్రత్యయములు కొంత దారిచూపును. ఉంగ్, హైట్, కైట్, షఫ్ట్, ౘియోన్, టేట్ అనునవి చివరనున్న భావనామములు స్త్రీలింగములు. శెన్, లైన్ అను అల్పార్థకములు నపుంసకములు. ఇస్ముస్ అంతమందున్నవి పుంలింగములు.

విభక్తి

జర్మన్‌లో ప్రథమా, ద్వితీయా, చతుర్థీ, షష్ఠీ విభక్తులు నిలిచినవి. ఆంగ్లమున సర్వనామములకు తప్ప ద్వితీయా రూపమే లేదు. చతుర్థి దానిలో కలిసిపోయినది. ఇక్కడ తెలుగు మిక్కిలి యుపకారి. నాకు ఈ పుస్తకము నచ్చినది అను వాక్యము జర్మన్‌లో డీజెస్ బూఖ్ గెఫెల్ట్ మీర్ అగును. మీర్ అనగా నాకు, పుస్తకమే కర్త. నాకు చలిగా నున్నది అనుటకు మీర్ ఇస్ట్ కల్ట్ అందురు. ఆంగ్లమును అనుసరించి ప్రథమావిభక్తితో ఇశ్ బిన్ కల్ట్ అన్నచో, నేను శీతలస్వభావుడను, నాకు హృదయము లేదు అను నర్థమునకు దారితీయును.

సాయము చేయుట (హెల్ఫెన్), కృతజ్ఞత తెలుపుట (డాంకెన్), బదులు చెప్పుట (అంట్‌వొర్టెన్), చెందుట (గెహ్యోరెన్) అను క్రియలకు జర్మన్‌లో చతుర్థి వచ్చును. తెలుగునను అతనికి అనియే యందుము. అడుగుట (ఫ్రాగెన్) అను దానికి ద్వితీయ. తెలుగునను అతనిని అడుగుదుము. అయినను తెలుగు సర్వత్ర ప్రమాణము కాదు. అనుసరించుట (ఫొల్గెన్), నమ్ముట (గ్లౌబెన్), బెదరించుట (డ్రోఎన్) అను వానికి తెలుగున ద్వితీయ, జర్మన్‌లో చతుర్థి. నాకు ఇల్లు కలదు అనుచోట జర్మన్ ఆంగ్లమువలె హాబెన్ అను క్రియను వాడి, కలిగినవానిని కర్తను చేయును. ఇట్టి భేదములకు వేరుగా పట్టిక వ్రాసికొనుట మేలు.

స్థానమును తెలుపు తొమ్మిది యుపపదములు కొన్ని యెడల ద్వితీయను, కొన్ని యెడల చతుర్థిని కోరును. ఇన్ డెర్ ష్టట్ అనగా నగరములో. ఇన్ డీ ష్టట్ అనగా నగరములోనికి. స్థితి యైనచో చతుర్థి, గమ్యమైనచో ద్వితీయ. నగరే వసతి, నగరం గచ్ఛతి అను భేదమే ఇది.

సమాసములు

జర్మన్ సమాసముల దైర్ఘ్యమునుగూర్చి ఆంగ్లేయులు పరిహాసములాడుదురు. సంస్కృతాంధ్ర కావ్యములు చదివినవారికి అవి చిన్నవి. హంట్‌ష్రిఫ్ట్ అనగా హస్తలేఖనము, లిఖితప్రతి. హంట్‌ష్రిఫ్టెన్‌జమ్లుంగ్ అనగా లిఖితప్రతుల సంగ్రహము. విగ్రహవాక్యము వెనుకనుండి చేయవలెను. తత్పురుషమునందువలె ఉత్తరపదమే ప్రధానము, దాని లింగమే సమాసలింగము. పూర్వపదము తరువాత కొన్నిచోట్ల స్, ఎన్ వంటి సంధానాక్షరములు చేరును. వానికి ప్రత్యేకార్థము లేదు. జర్మన్ భాషావేత్తలు తమ వ్యాకరణములలో తత్పురుష, బహువ్రీహి, ద్వంద్వ అను మన పారిభాషిక పదములనే స్వీకరించిరి.

నామపదముల మొదటి యక్షరము సర్వత్ర పెద్దయక్షరముగా వ్రాయబడుట చదువరికి పెద్ద ఉపకారము. వాక్యమున నామము లేవో, క్రియ యేదో చూపుతోడనే ఏర్పడును.

వాక్యనిర్మాణము

ఆంగ్లము పూర్తిగా విఫలమై తెలుగు వెలుగు చూపు స్థానమిది. ఉపవాక్యమున జర్మన్ క్రియ చివరకు వచ్చును. ఇశ్ వైస్, డస్ ఎర్ మొర్గెన్ నాఖ్ పుదుచ్చేరి కొమ్ట్: అతడు రేపు పుదుచ్చేరికి వచ్చునని నేనెరుగుదును. ఉపవాక్యమును మాత్రము తీసికొన్నచో అతడు, రేపు, పుదుచ్చేరికి, వచ్చును అను తెలుగు క్రమమే జర్మన్ క్రమము. తెలుగున ఇతికారము ఉపవాక్యాంతమున నుండ, డస్ అను పదము దాని ముందు నిలుచును. ఇంతయే భేదము.

పండితరచనలందు మిక్కిలి ప్రయుక్తమగు మరియొక నిర్మాణము విశేషణముల దీర్ఘశ్రేణి. డెర్ ఫొన్ కెర్దూ ఔస్ పుదుచ్చేరి గెషిక్టె బ్రీఫ్ అను పదబంధమున మొదటి పదము ఉపపదము, చివరిది లేఖ. నడుమ నున్నదంతయు విశేషణము. ఆంగ్లమున దీనిని కెర్దూ పుదుచ్చేరినుండి పంపినట్టి ఏ లేఖ కలదో అని తలక్రిందులు చేసి, ప్రత్యేకముగా నొక ఉపవాక్యమును నిర్మింపవలెను. తెలుగున వరుస మార్చనక్కరలేదు: కెర్దూ పుదుచ్చేరినుండి పంపిన లేఖ. మన ధాతుజ విశేషణము జర్మన్ క్రియావిశేషణమునకు అచ్చముగా సరిపోవును. డస్ ౘు లేజెండె బూఖ్ అనునది చదువవలసిన పుస్తకము. వలసిన అను రూపము, సంస్కృత తవ్యప్రత్యయము ఇచట సమానములు. ఆంగ్లమున నొక పేరాగా విప్పవలసిన వాక్యమును తెలుగువాడు ఒక్క చూపున గ్రహింపగలడు, నడుమ ఆంగ్లమును చొప్పింపకున్నచో.

అయితే ఈ సామ్యము బంధుత్వము కాదు. తెలుగు ద్రావిడ కుటుంబములోనిదని ఎల్లిస్ 1816లోనే నిరూపించెను. సంస్కృతముతోడి పోలిక వంశానుగతము. తెలుగుతోడి పోలిక నిర్మాణమాత్రము. ఈ వివేచనము తప్పినచో భాషాభ్యాసమునకు ఉపకరించు పోలిక భాషాచరిత్రమున అపసిద్ధాంతమగును.

ప్రధానవాక్యమున మాత్రము తెలుగును ఆంగ్లమును ఒక్కమారు విడువవలెను. అచట క్రియ రెండవ స్థానమున స్థిరముగా నుండును. మొదటి స్థానమున కాలవాచకము వచ్చినచో కర్త క్రియకు తరువాతికి పోవును. మొర్గెన్ కొమ్ట్ ఎర్: రేపు వచ్చును అతడు. ఉపసర్గములు కొన్ని క్రియనుండి విడివడి వాక్యాంతమున నిలుచును. కొమెన్ వచ్చుట, అన్‌కొమెన్ చేరుట. ఎర్ కొమ్ట్ హొయ్టె ఇన్ పుదుచ్చేరి అన్, అతడు నేడు పుదుచ్చేరి చేరును. గమ్ ధాతువునకు ఆగమ్, అవగమ్, అనుగమ్ అని అర్థములు మారుటను, వేదమున ఉపసర్గము క్రియకు దూరముగా ప్రయుక్తమగుటను ఎరిగినవారికి ఇది సుబోధము. బె, గె, ఎర్, ఫెర్, ౘెర్, ఎంట్, ఎంప్, మిస్ అను ఉపసర్గములు విడివడవు. నిఘంటువును తెరచుటకు ముందు వాక్యాంతమును చూచుట నియమముగా పెట్టుకొనవలెను. అన్ అను చిన్నపదమును చూడక కొమ్ట్ అను దానికి మాత్రమే అర్థము వెదకినచో తప్పు తప్పదు.

మర్యాదావిషయమున తెలుగే మార్గదర్శి. డూ అనగా నీవు. ఒక్కరినైనను గౌరవించుటకు జీ అను పదముతో బహువచనక్రియ వచ్చును, మన మీరువలె.

అభ్యాసక్రమము

మొదట ధ్వనులను ఒక జర్మన్ వక్త యుచ్చారణమును విని సరిచేసికొనవలెను. పిదప పైన చెప్పిన ధ్వనిసూత్రములతో సంఖ్యలు, బంధువాచకములు, శరీరావయవములు, నిత్యక్రియలు నేర్వవలెను. ప్రతి పదము ఎదుట ఆంగ్లార్థమునకు మారుగా తెలుగు లేక సంస్కృతార్థమును వ్రాసికొనవలెను. అర్థభ్రాంతిని నివారించుటకు ఇది ప్రధానసాధనము.

రూపముల పరిచయము కలిగిన వెంటనే తెలిసిన గ్రంథమును జర్మన్‌లో చదువుట మేలు. ఇందులకు బోట్‌లింక్ కూర్చిన ఇండిషె ష్ప్రూశె అను సుభాషితసంగ్రహము మిక్కిలి యనువైనది. దాని రెండవ కూర్పు 1870-73లో మూడు సంపుటములుగా వెలువడినది. ఏడువేలకు పైబడిన సంస్కృత సుభాషితములకు జర్మన్ గద్యానువాదము కలదు. భర్తృహరి శ్లోకములు కంఠస్థముగా నున్న తెలుగు పండితునకు అర్థము ముందే తెలియును గావున, దృష్టి యంతయు జర్మన్ నిర్మాణముపై నిలుచును. తరువాత డాయ్‌సెన్ 1897లో ప్రకటించిన ఉపనిషదనువాదమును, గెల్డ్‌నర్ ఋగ్వేదానువాదమును క్రమముగా చేపట్టవచ్చును.

పాత గ్రంథములందు వర్ణక్రమ భేదములు ఎదురగును. 1901 నిర్ణయమునకు పూర్వము టకారమునకు హకారమును జతచేసి వ్రాసిన పదములు కొన్ని కలవు. ఉచ్చారణమున భేదము లేదు. 1996 సంస్కరణచే డస్ అను సముచ్చయపదపు వ్రాత మారినది. నేటి నిఘంటువున పాతవ్రాత కానరానిచో పదము లేదని తలపరాదు.

ఉపసంహారము

జర్మన్ అభ్యాసమున ఆంగ్లమును పూర్తిగా త్రోసివేయుట అవివేకము. పదసంపదకు అది సన్నిహిత బంధువు. కాని విభక్తివద్ద, లింగమువద్ద, సమాసమువద్ద, వాక్యాంతక్రియవద్ద ఆంగ్లము ఊతగా నుండక అడ్డుగోడ యగును. అట్టి తావుల సంస్కృతమును తెలుగును ఆశ్రయించిన వాడు ఆంగ్లేయునికంటె వెనుకబడడు. పెక్కు తావుల ముందుండును.

నేడు పుదుచ్చేరిలో 1955లో స్థాపితమైన ఫ్రెంచి విద్యాసంస్థయందు శైవాగమ లిఖితప్రతులు భద్రపరుపబడి యున్నవి. 2005లో అవి యునెస్కో ప్రపంచస్మృతి పట్టికలో చేరినవి. యానాము తెలుగువారు ఇదే పాలనలో నున్నారు. ఇట్టి పట్టణమున తెలుగు, సంస్కృతము, ఫ్రెంచి, ఆంగ్లము తెలిసిన విద్యార్థి అరుదు కాడు. అతడు జర్మన్‌ను కూడ చేర్చుకొన్నచో, వాకర్‌నాగెల్ ఏమనెనో, తరంగంబాడి ప్రచారకులు తెలుగువారినిగూర్చి ఏమి వ్రాసిరో దుబాసి నడుగక తానే చదువగలడు. అనువాదము చేతనుండగా మూలమేల యని యడుగువారికి, అల్జో అను చిన్నపదము నిగమనమును తెలుపునో, అదనపు మాటను తెలుపునో చెప్పుమని యడిగినచో చాలును.